గంపలో వేసిన కంపెనీలు

"హలో, స్టోర్స్ మేనేజరు గారి భార్యగారేనా మాట్లాడుతున్నది?"

గొంతు భర్తదే. ఎప్పుడూ లేని పెద్దరికం ఒకటి తెచ్చిపెట్టుకున్నాడు గానీ, దాని కింద నవ్వు మూత బిగించిన సోడాలా బుసబుసలాడుతోంది.

"రాంగ్ నంబరండీ. మా ఆయన స్టోర్స్‌లో ఉత్త అసిస్టెంటు," అందామె.

"అది పొద్దున్నటి మాట. ఇప్పుడే డైరెక్టరు గారు గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, టీ తెప్పించి మరీ చెప్పారు. ఇవాళ్టి నుంచి మేనేజర్ని. ఆ గదిలో నేనెప్పుడూ కూర్చోలేదు తెలుసా. కుర్చీ ఎంత మెత్తగా ఉందో. మన కంపెనీ సరుకు కాదులే, నొక్కి చూశాను."

ఆమె ఫోన్‌ని చెవికి ఇంకాస్త గట్టిగా ఆనించుకుంది.

"ఏమే, వింటున్నావా?"

"వింటున్నా. ఏడుస్తున్నా కూడా."

"ఎందుకూ?"

"ఊరికే. ఇలాంటప్పుడు ఏడిస్తే బావుంటుందని."

వాళ్ల పెళ్లై ఇంకా రెండు నెలలు నిండలేదు. ఇంట్లో ఒకే గొడుగు ఉండటం, పొంగే పాల కోసం ఇద్దరూ ఒక్కసారే పరిగెత్తి తలలు ఢీకొట్టుకోవడం లాంటివి కూడా పెద్ద విశేషాల్లా తోచే రోజులు. అతను పరుపుల కంపెనీలో పని చేస్తాడు. వాళ్ల మంచం మీది పరుపు కూడా అక్కడిదే. అంచు కుట్టు వంకరపోయి అమ్మకానికి పనికిరాక, పెళ్లి కానుకగా ఇతనికి దక్కింది. మొదటిరోజే ఆమె అరచేతిని ఆ పరుపు మీద అదిమిపట్టి వదిలేసి, "చూడు, మంచి పరుపు చేతి గుర్తుని ఇట్టే మింగేస్తుంది. లోపల డొల్లైతే గుర్తు అలాగే ఉండిపోతుంది," అని పాఠం చెప్పాడు. కొత్త పెళ్లికొడుకు చెప్పాల్సిన మాటలేనా ఇవి అని ఆమె ఇప్పటికీ అతన్ని ఏడిపిస్తూ ఉంటుంది.

ఫోన్ పెట్టేసి ఆమె తన తిరుగుడు కుర్చీలో గిరగిరా ఒక చుట్టు తిరిగింది. విశ్వవిద్యాలయంలో ఒక మూల ఉన్న పరిశోధన గది అది. కిటికీ పక్క బల్ల ఆమెది, తలుపు పక్క బల్ల సగటక్కది. సగటక్క ఆమెకంటే ముందు చేరిన సీనియరు. ఏం చెప్పబోయినా "సగటున చూస్తే" అని మొదలుపెడుతుంది కాబట్టి ఆ పేరు. వీళ్ల పెళ్లికి వచ్చి, అక్షింతలు వేసి దిగుతూ, "సగటున చూస్తే పెళ్లికొడుకు బాగానే ఉన్నాడు" అని తీర్పు చెప్పిన మనిషి.

"ఏమిటే ఆ రంగులరాట్నం? సగటున చూస్తే ఆ కుర్చీ ఇంకో నాలుగు చుట్లకి ఊడుతుంది," అంది సగటక్క, తల తిప్పకుండానే.

"మా ఆయనకి ప్రమోషన్ వచ్చిందక్కా. మేనేజరయ్యాడు."

"పరుపుల మరిదిగారికా? ఇంకేం మరి. నీ సిద్ధాంతం నీ కాపురానికే వచ్చి కూర్చుంది. లోపలి మనిషికి పెద్దపీట. కంపెనీ ఇక మూడు పువ్వులు ఆరు కాయలే."

అదే ఆమె పరిశోధన. పెద్ద పదవి ఖాళీ అయినప్పుడు కొన్ని కంపెనీలు బయటి నుంచి మనిషిని తెచ్చుకుంటాయి, కొన్ని ఉన్నవాళ్లలోంచే ఒకరిని పైకి లేపుతాయి. తర్వాతి ఏళ్లలో ఏవి బాగుపడ్డాయి? ఎన్నో కంపెనీల లెక్కలు తీసి, ఎంతోమందిని కలిసి మాట్లాడి ఆమె తేల్చింది: ఉన్నవాళ్లని పైకి లేపినవే బాగుపడ్డాయి. కిందటి వారమే ఆ వ్యాసం ఒక మంచి పత్రికలో అచ్చుకి ఒప్పుకున్నారు. పట్టా ఇంకా చేతికి రాకపోయినా, ఇంట్లో అప్పుడే డాక్టరమ్మ అని పేరు స్థిరపడిపోయింది. కింది వాటాలో ఆవిడైతే మోకాళ్ల నొప్పికి మందు కూడా అడిగింది.

"అవునూ," అంది సగటక్క, "ఆ కుర్చీలో ఇంతకుముందు ఎవరుండేవారు?"

"ఒక పెద్దాయన. గుండె బాగాలేదని ఉన్నట్టుండి మానేశారట."

"ఉన్నట్టుండా? అయితే గంపలో వేయాల్సిన కేసే," అని సగటక్క నవ్వి, మళ్లీ తన పనిలో పడిపోయింది.

డాక్టరమ్మ కూడా నవ్వబోయింది. ఆ నవ్వు సగం దారిలో ఆగిపోయింది.

గంప అన్నది ఆ గదిలో ఇద్దరికే తెలిసిన మాట. ఏ పరిశోధనలోనైనా మాట వినని కంపెనీలు కొన్ని ఉంటాయి. అన్నీ ఒక దారిన పోతుంటే అవి ఇంకో దారిన పోతాయి. డాక్టరమ్మకీ గుప్పెడు తగిలాయి. లోపలి మనిషికే పీట వేసినా నిలువునా మునిగిపోయిన కంపెనీలు. వాటిని కలిపి గీస్తే చక్కగా పైకి వెళ్తున్న గీత నడుం విరిగినట్టు వంగిపోయేది. గైడు గారు చూసి, "గీత చెడగొట్టే వాటిని పక్కన పెట్టమ్మా. ప్రతి ఊళ్లోనూ నలుగురు తిక్కవాళ్లుంటారు," అన్నారు. ఆమె వాటిని కంప్యూటర్లో ఒక పక్క ఫోల్డరులో వేసి, గంప అని పేరు పెట్టింది. మళ్లీ గీసింది. గీత తిన్నగా వచ్చింది. గైడు గారు భేష్ అన్నారు. ఆ సాయంత్రం ఆమె, అప్పటికింకా కాబోయే వాడైన అతనూ ఐస్‌క్రీమ్ తిని పండగ చేసుకున్నారు.

ఇప్పుడు మౌస్ మీద చెయ్యి పెట్టి, గంప తియ్యనా వద్దా అని కాసేపు చూసింది. పిచ్చి ఆలోచన, సంతోషం పట్టలేక పుట్టిన భయం అనుకుంది. మంచి వార్త వినగానే దిష్టి తగులుతుందేమో అనుకునే మనసే కదా మనది. ఒక్కసారి చూసి మూసేస్తే సరిపోతుంది.

తీసింది.

మొదటి కంపెనీలో సరుకుల మేనేజరు ఉన్నట్టుండి మానేశాడు. కారణం ఆరోగ్యం. రెండోదాంట్లో లెక్కల విభాగం పెద్ద మానేశాడు. కారణం కుటుంబ పరిస్థితులు. మూడోదాంట్లో ఒకాయన కూతురి దగ్గర ఉంటానని వెళ్లిపోయాడు. ఆ కుర్చీలోకి వచ్చినవాడు ప్రతిచోటా లోపలివాడే. అయితే వరసలో తర్వాతివాడు కాదు. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లని దాటించి, కింద నుంచి ఒక కుర్రాణ్ణి ఎత్తి కూర్చోబెట్టారు. కష్టపడేవాడు, అందరికీ ఇష్టమైనవాడు, చెయ్యి ఎత్తి నమస్కారం పెట్టేవాడు. ఇంకోటి కూడా ఉంది. ప్రతిచోటా ఆ ప్రమోషన్ వచ్చింది సంవత్సరాంతపు లెక్కలు మూసే ముందరే.

ఆమె మౌస్ వదిలేసింది.

ఇవన్నీ ఆమె రాసుకున్నవే. ఆమె చేత్తో టైపు చేసినవే. కానీ ఆమె పట్టికలో అడిగిన ప్రశ్న ఒకటే: కుర్చీలోకి వచ్చినవాడు లోపలివాడా, బయటివాడా? ముందున్నవాడు ఎందుకు లేచిపోయాడన్న ప్రశ్నకి ఆమె గడి పెట్టలేదు.

అలా కుర్చీ ఎక్కినవాళ్లలో ఒకాయన్ని ఆమె స్వయంగా కలిసింది. భార్య టైలరింగ్ షాపులో ముక్కాలిపీట మీద కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతున్నాడు. ఒకప్పుడు టైర్ల కంపెనీలో సరుకుల మేనేజరు. మాట్లాడినంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. షాపు తలుపుకి చిన్న గంట కట్టి ఉంది. ఎవరు లోపలికొచ్చినా అది మోగేది. మోగిన ప్రతిసారీ ఆయన సూది గాలిలో ఆగిపోయేది. వచ్చింది పోలీసు కాదు, మామూలు మనిషే అని భార్య కళ్లతో చెప్పాక గానీ అది కిందికి దిగేది కాదు.

"నాకు బహుమతి ఇచ్చారనుకున్నానమ్మా," అన్నాడాయన. "అటక మీద ఎక్కించి నిచ్చెన తీసేశారు. గోదాములో ముందు వరసలో టైర్లున్నాయి, వెనక ఉత్త కాగితం చుట్టలు. నేను వెనక్కి వెళ్లి చూడలేదు. మనవాళ్లే కదా, చూస్తే ఏమనుకుంటారో అని మొహమాటం. సంతకం మాత్రం నాదే. కేసూ నా మీదే."

మొహమాటం అన్న మాట దగ్గర ఆయన బాగా నవ్వాడు. ఆమె కూడా మర్యాదకి నవ్వింది. ఇంటికొచ్చి మాటలన్నీ పొల్లుపోకుండా రాసి, గీత చెడగొడుతున్నాడని ఆయన్ని గంపలో వేసింది.

"అక్కా," అంది. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. "ఒకసారి ఇటు రా."

సగటక్క వచ్చి, ఆమె భుజం మీంచి వంగి చదివింది. ఒకటి, మరొకటి, ఇంకొకటి. డాక్టరమ్మ ఒకే ఒక్క మాట కోసం ఎదురు చూసింది. సగటున చూస్తే ఇదేం లెక్కలోది కాదే, గుప్పెడు కంపెనీల్ని బట్టి ఏం చెబుతాం అని అక్క అంటుంది. అంటే తను నవ్వేసి, కంప్యూటర్ కట్టేసి, కేకు కొనుక్కుని ఇంటికి పోతుంది.

సగటక్క ఆ మాట అనలేదు. చదవడం అయ్యాక కూడా అలాగే నిలబడింది.

"సంతకం ఎప్పుడట?" అని మాత్రం అడిగింది.

"తెలీదు."

"ఇంటికి వెళ్లు. ఫోన్‌లో చెప్పకు. ఎదురుగా కూర్చుని చెప్పు."

బస్సులో ఆమెకి కిటికీ పక్కన సీటు దొరికింది. మామూలుగా అయితే అదొక చిన్న పండగ. ఇవాళ పక్కన కూర్చున్నవాళ్ల ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది. భర్త ముఖాన్ని ఊహించుకుందామంటే గుండీలాయన ముఖం అడ్డం వస్తోంది. అదే నవ్వు. అదే గాలిలో ఆగిన సూది. నేను చెప్పేది తప్పైతే, అనుకుంది, మొగుడి సంతోషంలో మట్టి కొట్టినదాన్నవుతాను. ఒప్పైతే? ఆ ఆలోచన దగ్గర మెదడు కాళ్లు తడబడి ఆగిపోయింది.

మెట్లెక్కుతుంటే పై నుంచి అత్తగారి గొంతు వినిపించింది. అత్తగారు బడిలో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యారు. ఈల మెడలో లేకపోయినా గొంతులో ఇంకా ఉంది.

"రావే డాక్టరమ్మా, రా. మేనేజరు గారు నీకోసం కాచుకుని కూర్చున్నారు. కేకు కోయకుండా నన్ను అరగంట నుంచి నోరూరిస్తున్నాడు. కింది వాటావిడకి చెప్పాను, ఎదురింటివాళ్లకి చెప్పాను, పాలవాడికీ చెప్పాను. పాలవాడు ఇకనుంచి అర లీటరు ఎక్కువ పొయ్యనా అన్నాడు."

గదిలో అతను చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు. మేనేజర్లు ఇలాగే నడుస్తారట. ఆమెని చూడగానే ఆగి, గొంతు సవరించుకుని, "ఏమిటిది, ఆలస్యం? మా స్టోర్స్‌లో అయితే మెమో ఇచ్చేవాణ్ణి," అన్నాడు.

ఆమె నవ్వింది. ఆ నవ్వు పక్కటెముకల్లో నొప్పిగా తగిలింది. ఇద్దరే ఉన్నప్పుడు ఆమె అతన్ని నువ్వు అంటుంది, అత్తగారి ముందు మీరు అంటుంది. ఆ దొంగాటకం కూడా వాళ్లకొక సరదా. "క్షమించండి సార్. బస్సు దొరకలేదు," అంది.

కేకు మీద క్రీముతో మేనేజరు అని రాయించాడు. ఆమె కత్తి తీసుకుని కోయబోతుంటే, "ఆగండాగండి, అసలుది చూపించలేదు," అని జేబులోంచి ఒక నల్లటి పెట్టె తీశాడు. లోపల మఖ్మల్ గుంటలో ఒక పెన్ను. బరువుగా, బంగారు రంగు అంచుతో మెరుస్తోంది.

"డైరెక్టరు గారు ఇచ్చారు. మేనేజరు మొదటి సంతకం మామూలు పెన్నుతో పెట్టకూడదట."

"మొదటి సంతకం దేని మీద?" అందామె.

"గోదాముల్లో సరుకు ఎంత ఉందో చెప్పే కాగితం మీద. సంవత్సరం చివర స్టోర్స్ మేనేజరు పెట్టాలి. అది చూసే ఆడిటర్లు లెక్కలు ఒప్పుకుంటారు, బ్యాంకు వాళ్లు ఒప్పుకుంటారు. రేపే."

రేపే. ఆమె చేతిలోని కేకు కత్తి పళ్లేనికి తగిలి టిక్కుమంది.

సరిగ్గా అప్పుడే అతని ఫోన్ మోగింది. అతను చటుక్కున నిటారుగా నిలబడ్డాడు, ఎదుటివాళ్లకి కనిపిస్తున్నట్టు. "సార్. అలాగే సార్. తప్పకుండా సార్. ఎనిమిదింటికే ఉంటాను సార్." పెట్టేశాక ముఖం వెలిగిపోతోంది. "చూశావామ్మా, డైరెక్టరు గారే స్వయంగా చేశారు. ఆడిటర్లు పదింటికి వస్తారట. వాళ్లు వచ్చేలోపే మన సంతకాలైపోతే ప్రశాంతంగా ఉంటుందని ఎనిమిదింటికే రమ్మన్నారు."

"ఆ సరుకంతా నువ్వు చూశావా?" అంది ఆమె.

అత్తగారు తలెత్తారు. నువ్వు అన్న మాట విని, కోడలి ముఖం చూసి, చేతిలోని పళ్లెం బల్ల మీద పెట్టేశారు.

"చూడకపోవడమేమిటి? రోజూ అందులోనే కదా నా బతుకు," అన్నాడతను.

"ఫ్యాక్టరీలోది కాదు. రెండో గోదాము ఉందన్నావు కదా. బైపాస్ రోడ్డు దగ్గరిది."

"అదా. అది అద్దెది. సగం సరుకు అక్కడే ఉంటుంది."

"చూశావా?"

"తాళాలు డైరెక్టరు గారి దగ్గర ఉంటాయి. ఏమైందే నీకు? ముఖం అలా ఉందేమిటి?"

ఆమె చెప్పింది. తిన్నగా చెప్పడం రాలేదు. గంప దగ్గర మొదలుపెట్టి, గీత దగ్గరికి పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, చివరికి గుండీలాయన గాలిలో ఆపిన సూది దగ్గర ఆగింది. కేకు మీది క్రీము మెల్లగా ఒక పక్కకి జారుతోంది.

అతని ముఖంలో వెలుగు ఒక్కసారి పోలేదు. ఇంట్లో ఒక్కో గదిలో దీపం ఆర్పుకుంటూ వెళ్తున్నట్టు, ముందు కళ్లు, తర్వాత నోరు.

"అంటే నేను పనిమంతుణ్ణని కాదు, వెర్రివాణ్ణని ఇచ్చారంటావు," అన్నాడు.

"అలా అన్నానా?"

"ఇంకెలా అనాలి? రెండేళ్లుగా పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లేది నేను. లారీ ఎక్కే ప్రతి పరుపూ చూసేది నేను. దానికి నాకో కుర్చీ ఇస్తే, నీ కంప్యూటర్లో ఎవరో నలుగురు మునిగారని, నేనూ మునుగుతానంటావు. ఇందాక ఫోన్‌లో ఏడ్చావు కదా, సంతోషంతో. అదే బావుంది."

పెళ్లైన తర్వాత అతను ఆమెతో అలా మాట్లాడటం అదే మొదలు. ఇక్కడితో ఆపేయాలనిపించింది. సరేలే, నా భ్రమ, కేకు తినండి అని ఒక్క మాట అంటే చాలు, రాత్రికి మళ్లీ మామూలైపోతుంది. ఆ ఒక్క మాటే మొహమాటం అని ఆమెకి అప్పుడే తట్టింది.

"గంపలో ఉన్నవాళ్లంతా పనిమంతులే," అంది. "పనికిమాలినవాడి సంతకం ఎవరు నమ్ముతారు? నిన్ను నమ్ముతారు కాబట్టే నీ సంతకం కావాలి వాళ్లకి. నువ్వు మంచివాడివన్నదే నాకు భయం. వెర్రివాడివైతే ఇంత భయపడేదాన్ని కాదు."

అతను పెన్ను తీసి మూత విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు.

"ఒక్కటే అడుగుతా. లారీ ఎక్కే ప్రతి పరుపూ చూస్తానన్నావు. బైపాస్ గోదాముకి ఎప్పుడైనా ఒక్క లారీ సరుకు ఎక్కించావా?"

అతను వెంటనే నోరు తెరిచాడు. జవాబు నాలుక చివరే ఉన్నట్టు తెరిచాడు. కళ్లు పైకప్పు వైపు వెళ్లాయి. అక్కడ రెండేళ్ల లారీలన్నీ వరసగా వెళ్తున్నట్టు చూశాడు. దుకాణాలకి వెళ్లినవి, హోటళ్లకి వెళ్లినవి, ఆసుపత్రికి వెళ్లినవి.

"వేరే షిఫ్టులో పంపుతారేమో," అన్నాడు చివరికి. ఆ మాట అంటూనే అది అబద్ధమని అతనికి తెలిసినట్టు గొంతు కిందికి దిగిపోయింది. "వేరే షిఫ్టు లేదు మా దగ్గర."

వంటింట్లో పంపు చుక్కలు చుక్కలుగా కారుతున్న చప్పుడు వినిపించింది. అది రోజూ కారుతూనే ఉంటుంది.

"నాకు ఈ కంపెనీల సంగతి తెలీదు," అన్నారు అత్తగారు, మెల్లగా. ఆవిడ మెల్లగా మాట్లాడటమే ఆ గదిలో కొత్త. "కానీ నా చేతికి ఈల ఇచ్చి, నువ్వు మైదానంలోకి రానక్కర్లేదు, గోల్ పడిందని ఊదు చాలు అంటే ఊదనురా."

"పెద్దాయన్ని అడుగుతాను," అన్నాడతను. పెద్దాయనంటే ఆ కుర్చీలో ఇంతకుముందున్న మేనేజరు. ఇతనికి పని నేర్పిన మనిషి, పెళ్లికి వచ్చి చేతిలో చెయ్యేసి ఆశీర్వదించిన మనిషి. "ఆయన నాతో అబద్ధమాడరు. గుండె బాగాలేదు పాపం, ఈ టైములో చేయొచ్చో లేదో." ఆమె కూడా వినాలని స్పీకరు పెట్టి ఫోన్ బల్ల మీద ఉంచాడు.

చాలాసేపు మోగింది. ఎత్తగానే ముందు వినిపించింది ఆయన గొంతు కాదు. టప్, టప్ అని చప్పుడు, బూట్లు నేల మీద కీచుమనడం, ఎవరో "మీ సర్వీసే గురువు గారూ" అనడం. తర్వాత ఆయన, కాస్త ఆయాసంతో, హుషారుగా: "హలో, ఎవరూ?"

అత్తగారు కోడలి వైపు చూశారు. ఆ చప్పుడు ఆవిడ నిద్రలో విన్నా గుర్తుపడతారు. పెదవులు కదిపి, "షటిల్," అన్నారు.

"నేనండీ. నమస్కారం. ఇవాళ నన్ను మీ కుర్చీలో కూర్చోబెట్టారు. మీ ఆశీర్వాదం తీసుకుందామని చేశాను. రేపు ఎనిమిదింటికి సరుకు కాగితం మీద సంతకమట."

అవతల టప్ టప్‌లు ఆగలేదు గానీ, ఆయన వాటికి దూరంగా నడుచుకుంటూ వెళ్తున్నట్టు అవి చిన్నబోయాయి. ఒక తలుపు మూసిన చప్పుడు.

"ఆ కుర్చీలో పెట్టింది నిన్నా?" అన్నారాయన.

"అవునండీ. మీ ఆరోగ్యం ఎలా ఉంది?"

"నా ఆరోగ్యానికేం." వెంటనే సర్దుకున్నారు. "అదే, డాక్టరు కాస్త నడవమన్నాడు."

"బైపాస్ గోదాము తాళాలు మీ దగ్గర ఎప్పుడైనా ఉండేవా అండీ?"

ఫోన్ కట్ అయిందేమోనని అతను వంగి చూశాడు.

"బాబూ, నువ్వు మంచి కుర్రాడివి," అన్నారాయన. "అందుకే..." అని ఆగిపోయారు.

"అందుకే?"

"ఏం లేదు. కొత్తగా పెళ్లయింది కదా నీకు. అమ్మాయి బాగుందా? జాగ్రత్తగా ఉండండి. నేను ఫోన్ చేసినట్టు, అదే, నువ్వు చేసినట్టు ఎవరికీ చెప్పకు."

ఫోన్ కట్ అయింది. అతను మళ్లీ చేశాడు. స్విచాఫ్ అని వచ్చింది.

ముగ్గురూ ఆ ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నారు. ఏదో ఒక పురుగు వచ్చి బల్ల మీద వాలితే, అది ఎటు పాకుతుందోనని చూస్తున్నట్టు. డాక్టరమ్మకి గెలిచానన్న భావం ఒక్క చుక్క కూడా కలగలేదు. తన లెక్క తప్పాలని ఇంతగా కోరుకున్న పరిశోధకురాలు ఎక్కడా ఉండదేమో. అతని చేతిని పట్టుకుంది.

"గంపలో వాళ్లకి ఏమైంది?" అన్నాడతను. "ఆ గుండీలాయన కాకుండా, మిగతావాళ్లకి?"

"చెప్పమంటావా?"

"వద్దు." కాసేపయ్యాక మళ్లీ, "వాళ్లలో ఎవరైనా సంతకం పెట్టనన్నవాళ్లున్నారా?"

"లేరు."

"ఒక్కరు కూడా?"

"పెట్టనన్నవాళ్లు ఉండి ఉంటారు. వాళ్లు ఆ కుర్చీలో కనిపించరు కదా, నా లెక్కలోకి రారు. ఏమయ్యారో నాకు తెలీదు."

"బాగుంది. మొదటివాణ్ణి నేనేనన్నమాట, నీ లెక్కలో," అని నవ్వబోయాడు. సగమే వచ్చింది, కానీ నవ్వే. ఆ సగం నవ్వుకి ఆమెకి కన్నీళ్లు ఆగలేదు.

అతను పెన్ను మూత బిగించి, మఖ్మల్ గుంటలో పెట్టి, పెట్టె మూశాడు. మూస్తుంటే టక్కుమన్న చప్పుడుకి ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

"నీ వ్యాసం ఏమవుతుంది మరి?" అన్నాడు.

"పత్రికవాళ్లకి ఆపమని రాస్తాను. గంపలో వాటిని మళ్లీ కలిపి గీయాలి. గీత వంగిపోతుంది. గైడు గారు మండిపడతారు."

"పట్టా?"

"ఆలస్యమవుతుంది. ఇంకొన్నాళ్లు ఉత్తుత్తి డాక్టరమ్మనే."

"నేనూ ఉత్తుత్తి మేనేజర్నే," అన్నాడతను. తర్వాత గొంతు మార్చి, నెమ్మదిగా, ఒక్కో మాటనీ నొక్కి చూసుకుంటున్నట్టు అన్నాడు. "డైరెక్టరు గారికి కోపం వస్తుందే. చాలా వస్తుంది. ఈ ఉద్యోగం ఉంటుందో ఉండదో చెప్పలేను."

"తెలుసు."

"నాకు భయంగా ఉంది."

"నాకూ ఉంది."

"నాకూ ఉందిరా," అన్నారు అత్తగారు. "అయినా కేకు తినండి. ఖాళీ కడుపుతో భయపడితే కళ్లు తిరుగుతాయి."

తిన్నారు. మేనేజరు అన్న అక్షరాల్లో ఎవరికి ఏ ముక్క వచ్చిందో ఎవరూ చూడలేదు. తింటున్నంతసేపూ అతని కళ్లు ఫోన్ మీదే ఉన్నాయి, మళ్లీ మోగుతుందేమోనని. మోగలేదు. పళ్లేలు సింకులో పడేసి వచ్చి, అతను ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు.

"రేపు ఎనిమిదింటికి కాదు, ఏడింటికే బయల్దేరదాం. ఇద్దరం," అన్నాడు. "నేను లోపలికి వెళ్లి, సంతకం కంటే ముందు బైపాస్ గోదాము తాళాలు అడుగుతాను. ఇస్తే వెళ్లి, ముందు వరస కాదు, అన్నిటికంటే వెనక వరస దగ్గరికి పోయి, పరుపు మీద అరచెయ్యి పెట్టి చూస్తాను. ఇవ్వకపోతే పెన్ను పెట్టె ఆయన బల్ల మీదే పెట్టి, ఆడిటర్లు వచ్చేదాకా అక్కడే కూర్చుని, నేను చూడలేదు, సంతకం పెట్టను అని వాళ్ల ముందే చెబుతాను. నువ్వు గేటు బయట నిలబడు. నేను బయటికి వచ్చేదాకా ఎక్కడికీ వెళ్లకు."